66 మస్టాంగ్ కూపేకి మడత సీటు: పని గట్టిది, మెరుపు ఎక్కువ

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపేలో వెనక సీటు బ్యాక్‌రెస్ట్‌ని రెండు ముక్కలు చేయించి, కుడివైపు ముక్క ముందుకి పడుకునేలా, దాని వెనకనుంచి డిక్కీలోకి చెయ్యి వెళ్లేలా చేయించాను. ఒప్పుకున్న లెక్క 1,850 డాలర్లు, చిల్లర ఖర్చులు వేరే. చేసినవాడు డెట్రాయిట్‌కి దక్షిణాన, డౌన్‌రివర్ వైపు ఒంటరిగా నడుపుకునే ముసలాయన. షాపుకి బోర్డు లేదు. తెలిసినవాళ్లు పంపితే తప్ప కొత్త బండి తీసుకోడు. ఇంటర్నెట్‌లో తన పేరు పెట్టొద్దని ముందే చెప్పాడు కాబట్టి పెట్టడం లేదు. పేరు లేని షాపుకి రివ్యూ ఏమిటని మీరు అడగొచ్చు. మీ ఊళ్లో ఎవరిచేత చేయించుకున్నా ఏం చూడాలో, ఎక్కడ పట్టుబట్టాలో తెలుస్తుందని రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పమంటే: సీటు పని పదికి ఎనిమిది, సీటు వెనక రేకు పని పదికి పది, చెప్పిన టైముకి ఇవ్వడం పదికి రెండు.

మస్టాంగ్ అనగానే మనవాళ్ల కళ్ల ముందు మెదిలేది కప్పు నుంచి తోక దాకా వాలుగా దిగిపోయే ఫాస్ట్‌బ్యాక్. అప్పట్లో జనం ఎగబడి కొన్నది మాత్రం డిక్కీ వెనక విడిగా పొడుచుకొచ్చే మామూలు కూపేనే. ఫోర్డ్ కాగితాల్లో దాని పేరు హార్డ్‌టాప్. 1966 మోడల్ మస్టాంగ్‌లు మొత్తం 6,07,568 తయారైతే, అందులో 4,99,751 హార్డ్‌టాప్‌లే. ఫాస్ట్‌బ్యాక్‌లు 35,698. నా బండి నంబరు 6ఎఫ్07 అని మొదలవుతుంది. అంటే 66 మోడల్, డియర్‌బోర్న్‌లో కట్టింది, హార్డ్‌టాప్. నేనుండేది మిషిగన్‌లోని క్యాంటన్‌లో. బండి పుట్టిల్లు మా ఇంటికి అరగంట దూరం.

మడత సీటు సుఖం ఫోర్డ్ ఆ కొద్దిపాటి ఫాస్ట్‌బ్యాక్‌లకే ఇచ్చింది. వాటిలో వెనక సీటు ముందుకి వాలుతుంది, దాని వెనక చిన్న తలుపు తీస్తే డిక్కీ కనబడుతుంది. మా కూపేల్లో బ్యాక్‌రెస్ట్ పైన కొక్కేలకి వేలాడుతూ, కింద స్క్రూలతో బిగించి ఉంటుంది. కదలదు. డిక్కీ చూస్తే లోతు తక్కువ. స్టెప్నీ అందులోనే అడ్డంగా పడుకుంటుంది. పెట్రోలు మూత బండి వెనక సరిగ్గా మధ్యలో ఉంటుంది కదా, అక్కణ్నుంచి ట్యాంకుకి దిగే గొట్టం కూడా డిక్కీలోంచే వెళ్తుంది. ఇవన్నీ పోను మిగిలిన చోట్లో రెండు చేతిసంచులు, ఒక ఐస్ బాక్సు పడతాయి. లోపలి మూలకి జరిగిపోయిన వస్తువు కావాలంటే సగం ఒళ్లు డిక్కీలో పెట్టి వెతుక్కోవాలి. యాభై దాటిన నడుముకి అది పనికొచ్చే వ్యాయామం కాదు.

అసలు చిక్కు డేరాతో వచ్చింది. కార్ షోలకీ, మన తెలుగువాళ్ల పిక్నిక్‌లకీ తీసుకెళ్లే పదడుగుల మడత డేరా ఉంటుంది చూడండి, అది మడిస్తే అయిదడుగుల పొడవు. డిక్కీలో పట్టదు. వెనక సీటు మీద అడ్డంగా పెడదామంటే తలుపు పక్క ప్యానెళ్లు గీసుకుపోతాయి. దాంతో డేరాని ముందు సీట్లోనే పెట్టేవాణ్ని, మా ఆవిడ వెనక కూర్చునేది. "డేరాకి సీటు బెల్టు కూడా పెట్టారు, నాకు పెట్టుకోమని గుర్తైనా చెయ్యలేదు" అని ఆవిడ మా బావమరిది ముందు అన్నాక ఇక ఏదో ఒకటి చెయ్యక తప్పలేదు.

పాత బండ్లున్నవాళ్లు సీటు మడవాలనగానే మడతబందులు, గడియల గురించి ఆలోచిస్తారు. ఈ బండిలో ముందు ఆలోచించాల్సింది పెట్రోలు ట్యాంకు గురించి. 65, 66 మస్టాంగ్‌లలో డిక్కీ నేల అని మనం అనుకునేది నిజానికి ట్యాంకు పైకప్పు. 16 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 60 లీటర్లు. డిక్కీ నేలలో పెద్ద కంత పెట్టి, ట్యాంకుని పైనుంచి అందులోకి దింపి, అంచు చుట్టూ స్క్రూలు బిగించారు. దాని మీద చాప పరిచారు, అంతే. వెనకనుంచి ఎవరైనా గట్టిగా గుద్దితే ట్యాంకు నలుగుతుంది, పోసే గొట్టం ఊడుతుంది, పెట్రోలు వచ్చేది డిక్కీలోకే. డిక్కీకీ వెనక సీట్లో కూర్చున్న మనుషులకీ మధ్య ఉన్నదేమిటయ్యా అంటే, ఒక అట్ట. దాని ముందు సీటు స్పాంజి. ఆ రోజుల్లో అదేమీ నిబంధనలకి విరుద్ధం కాదు. పెట్రోలు కారకుండా చూడాలన్న అమెరికా నియమం 301 వచ్చింది 1968లో, అదీ ముందునుంచి గుద్దుకుంటే ఏమవుతుందన్న పరీక్షకే. వెనకనుంచి గుద్దే పరీక్ష 1977 మోడళ్లకి గానీ రాలేదు.

ఇప్పుడు అలాంటి చోట ఉన్న అట్టని కూడా కోసి దారి చేస్తామంటే, మనం చేస్తున్నదేమిటో తెలిసి చెయ్యాలి. నేను మొదట వెళ్లిన షాపువాడికి అది పట్టలేదు. పెద్ద షాపే, గోడ నిండా ఫొటోలు, కాఫీ మెషీను. "రంపంతో కోసి, కింద మడతబందు కొట్టి మధ్యాహ్నానికి ఇచ్చేస్తాం, 600 డాలర్లు" అన్నాడు. అట్ట సంగతేమిటంటే "అది తీసి పారేస్తే ఇంకా చోటు కలిసొస్తుంది" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఫాస్ట్‌బ్యాక్ సీటు తెచ్చి కూపేలో పెట్టుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. కూపేలో వెనక అద్దం కింద ప్యాకేజ్ ట్రే అని రేకు బల్ల ఉంటుంది. అది బాడీలో భాగం, వెల్డింగ్‌తో అతికి ఉంటుంది. దాని కింద ఉక్కు ఆసరాలు. ఫాస్ట్‌బ్యాక్ కట్టడమే వేరు, దాని సీటు ఇక్కడ కూర్చోదు. కూర్చోబెట్టాలని ఆ ఆసరాలు కోశారంటే బండి వెనక భాగం మెలితిరగడం మొదలవుతుంది. ఉన్న ఆసరాల మధ్య ఎంత ఖాళీ ఉంటే అంతే మన దారి. నా బండిలో ఆ దారి 22 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు వచ్చింది. డేరా, మడత కుర్చీలు, గొడుగు, చేపల గాలం కర్ర పడతాయి. సూట్‌కేసు పట్టదు.

ఈ ముసలాయన దగ్గరికి నన్ను పంపింది మా ఆఫీసులో ప్రోటోటైపు సీట్లు చూసే సహోద్యోగి. ముసలాయన కూడా ఒకప్పుడు అలాంటి సీట్ల కంపెనీ నమూనాల విభాగంలో కుట్టేవాడట. బండి ఆపగానే సీటు వంక చూడలేదు. డిక్కీ మూత తీయించి, తల లోపల పెట్టి వాసన చూశాడు. గొట్టాన్నీ ట్యాంకునీ కలిపే రబ్బరు ముక్కని గోటితో నొక్కాడు. నొక్కినచోట నెర్రె విచ్చింది. "ఇది మార్చుకుని రా, అప్పుడు సీటు గురించి మాట్లాడదాం" అన్నాడు. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఆ కాలపు రబ్బరుని తినేస్తుంది. డిక్కీకి దారి తెరిచాక ఆ వాసనంతా మన ముక్కు దగ్గరికే వస్తుంది. (మా పిక్నిక్ పులిహోరలో అప్పుడప్పుడు తగిలిన పరాయి ఘాటు ఎక్కడిదో నాకు ఆ రోజు తెలిసింది. ఇంగువ మీద నింద పడుతూ వచ్చింది పాపం.) రబ్బరు, క్లాంపులు, గొట్టం గాస్కెట్టు మార్పించుకుని మళ్లీ వెళ్లాను. అది నాకు విడి ఖర్చు. మీరు ఏ షాపుకి వెళ్లినా, సీటు కంటే ముందు ట్యాంకు వంక చూసేవాడైతేనే బండి అప్పగించండి.

రెండో షరతు, నా అసలు సీటు మీద రంపం పెట్టను అన్నాడు. వేరే బ్యాక్‌రెస్ట్ తెచ్చుకోమన్నాడు. పాత సామాన్ల సంతలో రెక్సిన్ చిరిగి, చట్రం మాత్రం వంకర లేనిది 120 డాలర్లకి దొరికింది. దాన్నే కోశాడు. నా ఒరిజినల్ బ్యాక్‌రెస్ట్ దుప్పటి చుట్టుకుని మా బేస్‌మెంట్‌లో ఉంది. రేపు బండి అమ్మితే, కొనేవాడికి ఒరిజినలే కావాలంటే, కొక్కేలకి తగిలించి స్క్రూలు బిగించడమే.

ఇక కుట్టు పని. ఇక్కడ నాకు కొంచెం నోరు చేసుకునే అర్హత ఉంది. మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్ సీట్లు కుట్టేవాడు. వేసవి సెలవుల్లో కొబ్బరి పీచు విదిలించడం, రెక్సిన్ మీద సుద్దముక్కతో గీతలు గియ్యడం నా పని. కుట్టు పూర్తయ్యాక బాబాయి రెండు వైపులా లాగి, బొటనవేలి గోరు కుట్టు వెంబడి నడిపేవాడు. దారం కింద తెల్లగా బట్ట కనబడిందంటే ఆ వరస మొత్తం విప్పించేవాడు, లారీవాడు బయట టీ తాగుతూ తొందరపెడుతున్నా సరే. ఈ ముసలాయన సీటు మీద నేనూ అదే చేశాను. నేను గోరు నడుపుతుంటే ఆయన పక్కన చేతులు కట్టుకుని నవ్వుతూ చూశాడు. ఎక్కడా తెల్లగా కనబడలేదు.

సీటు చట్రం అంటే చుట్టూ లావుపాటి ఉక్కు కడ్డీ, మధ్యలో స్ప్రింగులు. దాన్ని నిలువునా కోస్తే రెండు ముక్కలకీ ఒక్కో పక్క గోడ పోతుంది. స్ప్రింగుల చివర్లు గాలిలో వేలాడతాయి. తక్కువ డబ్బులకి చేసేవాళ్లు ఇక్కడే ఒక చెక్క పెట్టి సరిపెడతారు. ఈయన కొత్త కడ్డీ తెచ్చి, పాత చట్రం వంపు ఎలా ఉందో అలాగే చేత్తో వంచి, రెండు ముక్కలకీ వెల్డింగ్ చేసి, స్ప్రింగులన్నిటినీ దానికి మళ్లీ తగిలించాడు. దాని మీద గోనె గుడ్డ, ఆ పైన ఫోము, ఆ పైన రెక్సిన్. రెక్సిన్ అంచులని చట్రానికి పట్టి ఉంచేవి చిన్న ఉక్కు రింగులు. నోరు తెరిచిన రింగుని ప్రత్యేకమైన పట్టకారుతో నొక్కితే మూసుకుంటుంది. బాబాయి షాపులో ఇవి ఉండేవి కావు, వంకర సూది, నైలాన్ దారంతోనే అంతా. రింగులు ఎంత దగ్గరగా వేశాడన్నది చూడండి. దూరం దూరంగా వేస్తే రెండు ఎండాకాలాలకి రెక్సిన్ అలలు తేలుతుంది. ఇక్కడ రెండేసి వేళ్ల ఎడంలో ఉన్నాయి.

కోత ఎక్కడ పెట్టాడన్నదే నాకు బాగా నచ్చిన సంగతి. సరిగ్గా మధ్యలో కోస్తే అది కొత్తగా కోసిందని తలుపు దగ్గర్నుంచే తెలిసిపోతుంది. ఈయన మధ్య చదును భాగం అయిపోయి కుడివైపు గుంట మొదలయ్యే చోట, ఎలాగూ కుట్టు వచ్చే గీత మీదే విడదీశాడు. రెండు ముక్కల మధ్య సందులో క్రెడిట్ కార్డు దూరుతుంది, వేలు దూరదు. బయటినుంచి చూసినవాళ్లు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. డెట్రాయిట్ దగ్గర ఏటా జరిగే పాత కార్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌లో మస్టాంగ్ పిచ్చోళ్లు అద్దంలోంచి తొంగి చూసి కూడా ఏమీ అనలేదు. అసలు వాళ్లు అనకుండా ఉండే రకం కాదు.

కింద, మడిచే ముక్క వెడల్పంతా ఒకే పొడుగు పియానో మడతబందు వేశాడు. పైన గడియ ఏదో కొత్త కారు వెనక సీటుది. పాత కార్ల యార్డు నుంచి తెచ్చాడు. నల్ల పట్టీ లాగితే వదులుతుంది, తోస్తే టక్కున పడుతుంది. గడియ విషయంలో చవక చూసుకోకండి. సడన్ బ్రేకు వేసినప్పుడు డిక్కీలోని సామానంతా వచ్చి తగిలేది ఆ సీటుకే. అల్మరా గొళ్లెం లాంటివి వేసేవాళ్లూ ఉన్నారు. రెక్సిన్, ఫోము మీద నియమం 302 ముద్ర ఉందో లేదో కూడా అడగండి. కారు లోపలి సామాను నిమిషానికి నాలుగు అంగుళాల కంటే వేగంగా కాలకూడదని 1972 నుంచి ఉన్న నియమం అది. ఈ బండికి చట్టప్రకారం వర్తించదు, మంటకి మాత్రం బండి ఏ మోడలో తెలియదు కదా. ఆయన అడక్కుండానే రోలు మీది లేబుల్ చూపించాడు.

సీటు వెనక చేసిన రేకు పని నిజానికి ఈ రివ్యూలో సగం. అట్ట తీసేసి 18 గేజి ఉక్కు రేకు పెట్టాడు. మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు. ముందు అట్టతోనే నమూనా కత్తిరించి, ఆసరాల చుట్టూ ఒదిగేలా సరిచూసుకుని, ఆ తర్వాతే రేకు ముట్టుకున్నాడు. అంచులు మడిచాడు, కత్తిలా తగలవు. పాత అట్ట క్లిప్పుల కంతలనే వీలైనంత వాడాడు, కొత్తగా పెట్టిన కంతలు నాలుగే. చుట్టూ సందులన్నీ సీలర్‌తో నింపాడు. ఆ రేకులో తలుపు, తలుపు చుట్టూ బోలు రబ్బరు, బిగిస్తే రబ్బరుని అదిమి పట్టే రెండు తిప్పుడు గడియలు. ఇచ్చిన రోజు ఆయన నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు బిగించి, డిక్కీలోంచి టార్చి లైటు వేశాడు. సీటు ముందుకి పడుకోబెట్టే ఉంది. లోపలికి ఒక్క వెలుగు చుక్క రాలేదు. తర్వాత నేను డిక్కీలోకి, ఆయన లోపలికి. అదే పరీక్ష మళ్లీ.

ఉక్కు రేకు పెట్టగానే మంట రానేరాదని కాదు. మనుషులు బయటపడటానికి కొంత టైము దొరుకుతుంది, అంతవరకే. ఇంకో మెలిక కూడా ఉంది: పొడుగు సామాను పెట్టినప్పుడు ఆ తలుపు తెరిచే ఉంచాలి, అంటే ఆ కాసేపూ రక్షణ లేనట్టే. అందుకని డేరా పెట్టుకుని మా ఇంటి నుంచి హెరిటేజ్ పార్కు దాకా, లోపలి రోడ్ల మీద వెళ్తాను. వెనక ఎవరూ కూర్చోరు. హైవే ఎక్కాల్సి వస్తే డేరా వేరే బండిలో వస్తుంది. మిగతా రోజుల్లో నేను ఈ ఏర్పాటు వాడేది ఆగినచోట సీటు వాల్చి, తలుపు తీసి, లోపలి మూలనున్న వస్తువు అందుకోవడానికే. బండి కదిలేముందు తలుపు బిగించి ఉంటుంది. నిజం చెప్పాలంటే సుఖం అక్కడే తెలుస్తోంది. వానలో డిక్కీ మూత తీయకుండా గొడుగు అందుతుంది.

ఇక తిట్లు. మొదటిది మెరుపు. నా సీట్లు నల్ల రెక్సినే, తలుపు పలకమీద ట్రిమ్ కోడ్ (సీట్ల రంగు, రకం చెప్పే అంకె) 26. అరవయ్యేళ్ల ఎండ తిన్న నలుపు ఒక రకంగా ఉంటుంది. కొత్త బ్యాక్‌రెస్ట్ కొబ్బరినూనె పట్టించిన తలలా నిగనిగలాడుతోంది. కింద కూర్చునే భాగం పాతది, మాసిన నలుపు. రెండూ పక్కపక్కన పెడితే అత్తగారింట్లో కొత్త అల్లుడు ఎవరో చెప్పక్కర్లేదు. మెరుపు తగ్గించే డై వేస్తానంటాడు గానీ 140 డాలర్లు అదనం అన్నాడు. వద్దన్నాను. ముందే రెక్సిన్ ముక్క తెప్పించి పాత సీటు పక్కన ఎండలో పెట్టి చూపించమని అడగండి. షాపు ట్యూబులైటు కింద అన్ని నలుపులూ ఒకటే.

రెండోది చప్పుడు. గంటకి నలభై అయిదు మైళ్ల దగ్గర సీటు గడియ గిలగిలమనేది. గడియ పడే కొక్కేనికి ఫెల్టు చుట్టాక ఆగింది, దానికి ఆయన డబ్బు తీసుకోలేదు. రేకు మాత్రం సైలెన్సరు మోతకి డప్పు వాయించింది. దాని వెనక అంటించే మెత్తటి తారు షీటుకి 90 డాలర్లు వేరే తీసుకున్నాడు. రేకు పెడితే మోగుతుందని అన్నేళ్ల అనుభవమున్న మనిషికి తెలియదా? ముందే లెక్కలో కలిపి చెప్పాల్సింది.

సీటు మడిచినప్పుడు పైకి కనబడే వీపు మీద నల్ల కార్పెట్ అంటించాడు. ఆగస్టు ఎండకి ఒక మూల లేచింది. జిగురు చాలదు, ఆ అంచు కుట్టాల్సింది. బెల్టు సంగతి కూడా. 66లో వెనక కూడా నడుము బెల్టులు వచ్చాయి, అవి నేలకి బిగించి ఉంటాయి కాబట్టి సీటు కోతతో వాటికి ఇబ్బంది లేదు. కానీ సీటు మడిచేముందు కుడి బకిల్‌ని గుర్తుగా బయటికి లాగకపోతే మడత కింద చిక్కుకుని, కింది సీటు రెక్సిన్ మీద అచ్చు పడుతుంది.

అన్నిటికంటే పెద్ద తిట్టు టైముకి. మే చివర మెమోరియల్ డే లోపు అన్నాడు. జూన్ సగం అయ్యాక ఇచ్చాడు. ఫోన్ ఎత్తడు, మెసేజ్ చూడడు. కాగితం మీద కొటేషన్ ఇవ్వమంటే తన టోపీ తీసి తల గోక్కున్నాడు. చివరికి నేనే రాసి సంతకం పెట్టించుకున్నాను: సీటు కూలి 1,050, రేకు గోడ, తలుపు 620, గడియ, రెక్సిన్, ఫోము 180. ఆ లెక్క దాటలేదు, అది ఒప్పుకోవాలి. పైన చెప్పిన తారు షీటు, సంతలో కొన్న బ్యాక్‌రెస్ట్, పెట్రోలు గొట్టం రబ్బరు వేరే. నా బండికి మిషిగన్ హిస్టారిక్ ప్లేటు, అంటే పాత బండ్లకిచ్చే నంబరు ప్లేటు. ఏడాది పొడవునా షోలకీ, క్లబ్బు పనులకీ తప్ప తీయకూడదు, ఆగస్టు నెల మాత్రం ఎటైనా తిరగొచ్చు. ఆయన ఆలస్యం ఇంకో రెండున్నర నెలలు సాగి ఉంటే నాకు ఆ సంవత్సరం మొత్తం పోయినట్టే. ఆలస్యమైన మొదటి వారం నుంచీ అదే టెన్షన్.

ఇది ఎవరికి వద్దంటే, షోల్లో ఒరిజినల్ వర్గంలో బహుమతుల కోసం పోటీపడేవాళ్లకి. అక్కడ జడ్జీలు స్క్రూ తల ఆకారం కూడా చూస్తారు, ఈ రేకు చూశారంటే మార్కులు పోతాయి. 'పోనీ ఇంటీరియర్' అనే, గుర్రాల బొమ్మలు అచ్చొత్తిన సీట్లు ఉన్నవాళ్లు కూడా బాగా ఆలోచించుకోండి, బొమ్మ మీదినుంచి కోత వెళ్లకుండా విడదీయడం అందరికీ చేతకాదు. మడత సీటు వద్దనుకున్నా, 65, 66 కూపేలో పిల్లల్ని వెనక కూర్చోబెట్టే ప్రతివాళ్లూ ఆ అట్ట తీసి రేకు మాత్రం పెట్టించండి. తలుపు లేని రేకు అయితే రెడీమేడ్‌గా దొరుకుతుంది, ఖర్చు ఇందులో చిన్న వంతు. మార్పు చేయించాక ఇన్సూరెన్స్ వాళ్లకి ఫొటోలు పంపించాను. పాలసీ అలాగే ఉంచారు, ప్రీమియం పెంచలేదు.

మా ఆవిడ ఇప్పుడు ముందు సీట్లో కూర్చుంటోంది. ఆవిడ రివ్యూ: "1,850 డాలర్లకి ఇంకో చిన్న డేరా, దాన్ని మొయ్యడానికి ఒక మనిషి కూడా వచ్చేవాళ్లు." ఎవరికైనా ఈ ముసలాయన కావాలంటే నాకు రాయండి, ఆయన్ని అడిగి నంబరు ఇస్తాను. బండి నవంబరులో అప్పగించండి. మిషిగన్ మంచులో ఎలాగూ బయటికి తీయరు, ఆయనకీ చలికాలంలో పని తక్కువ. వసంతంలో ఇస్తే మాత్రం జూన్ మీద ఆశ పెట్టుకోకండి.